ఒక్క లోయ చాలు: వరంగల్ నుంచి ట్రౌట్ గాలానికి, గుర్రం స్వారీకి వెళ్లాలనుకునేవారికి

మీ ప్రశ్న చదివాను. మే చివర్లో పది రోజులు. హనుమకొండ నుంచి మీరు, మీ ఆవిడ, తొమ్మిదో తరగతికి వెళ్లబోయే అబ్బాయి, అరవై ఎనిమిదేళ్ల మీ బాపు. బాపుకి చిన్నప్పటి నుంచి చెరువు గట్టు మీద గాలం వేయడం అలవాటు. ట్రౌట్ అనే చేపను ఫోన్‌లో చూసి "ఒక్కసారన్న పట్టాలె" అంటున్నారు. అబ్బాయికి గుర్రాల పిచ్చి. సిమ్లా, కుఫ్రి, మనాలి, రోహ్‌తాంగ్, వచ్చేటప్పుడు అమృత్‌సర్, అన్నీ కలిపి ప్లాన్ వేశారు. ఇందులో చేపలు, గుర్రాలు ఎక్కడ ఇరికించాలి అని అడిగారు.

ఇరికించలేరు. మొహమాటం లేకుండా చెప్తున్నాను, ఏమీ అనుకోకండి. ఆ ప్లాన్‌తో వెళ్తే పది రోజుల్లో సగం రోజులు కారులో ఘాట్ మలుపులు లెక్కపెడుతూ గడిచిపోతాయి. నేను కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసినవాణ్ణి. పాసు ఉండేది, ఎండలకు భయపడే ఒళ్లు ఉండేది. 2008 నుంచి ఒకటి రెండేళ్లు తప్ప ప్రతి వేసవికీ ఆ కొండల వైపు వెళ్తూనే ఉన్నాను. మొదటిసారి నేనూ మీలాగే ఆరు ఊళ్లు పెట్టుకున్నాను. చేప తోక కూడా చూడకుండా తిరిగొచ్చాను. ఇప్పుడు ఒక లోయలో ఐదు రాత్రులు ఉంటాను, ఇంకోచోట మూడు రాత్రులు, అంతే.

ముందు మీ బాపుకి ఒక సంగతి చెప్పండి. మన చెరువు చేపకు, ట్రౌట్‌కు పోలికే లేదు. మన కొర్రమీనును చూడండి, ఎండాకాలం చెరువు ఎండి బురద మిగిలినా నోరు పైకి పెట్టి గాలి పీల్చుకుని బతుకుతుంది. ట్రౌట్ సుకుమారి. నీళ్లు పది, పదిహేను డిగ్రీల దగ్గరుంటే హుషారుగా ఉంటుంది. ఇరవై దాటితే మేత మానేసి ఆయాసపడుతుంది, ఇరవై ఐదు దగ్గర ప్రాణం మీదికి వస్తుంది. వేడికి తోడు గాలి సమస్య కూడా ఉంది. పది డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు, ముప్ఫై డిగ్రీల నీళ్లలో ఏడున్నరే. మేలో మన వడ్డేపల్లి చెరువులో చెయ్యి పెడితే స్నానానికి కాచిన నీళ్లలా ఉంటుంది కదా, అందులో వేస్తే ట్రౌట్ సాయంత్రం దాకా ఉండదు. అందుకే అది కొండల్లో, అదీ ఏడాది పొడవునా చల్లగా ఉండే వాగుల్లోనే ఉంటుంది.

అసలు అది మన దేశపు చేపే కాదు. ఇంగ్లీషువాళ్లు గాలం సరదా కోసం తెచ్చుకున్నారు. స్కాట్లాండ్ నుంచి గుడ్లు ఓడలో తెచ్చి 1900లో కాశ్మీర్‌లో పొదిగించారు. అంతకు ముందు ఏడాది తెచ్చినవి దారిలోనే పాడయ్యాయి. అక్కడి నుంచి 1909లో హోవెల్ అనే అధికారి కులూకు పట్టుకొచ్చాడు. ఇప్పుడు అక్కడ వాగుల్లో ఉన్న బ్రౌన్ ట్రౌట్ దాని సంతానమే. ఫారాల్లో పెంచేది ఎక్కువగా రెయిన్‌బో. ఒంటి పక్కన గులాబీ రంగు పట్టీ ఉండి, తోక మీద కూడా చుక్కలుంటే రెయిన్‌బో. ఒళ్లు గోధుమ బంగారు రంగులో ఉండి, ఎర్ర చుక్కల చుట్టూ తెల్లటి వలయాలుంటే బ్రౌన్. రెండింటికీ వీపు మీద తోక దగ్గర చిన్న కండ ముక్కలాంటి రెక్క ఒకటి ఉంటుంది, మన రవ్వకు, బొచ్చెకు అది ఉండదు. అక్కడే 'స్నో ట్రౌట్' అని ఇంకోటి తగులుతుంది, పేరు చూసి మోసపోకండి. అది ట్రౌట్ కాదు, మన రవ్వ, బొచ్చెల కుటుంబమే, చల్లనీళ్లకు అలవాటు పడ్డ చుట్టం. ఆ వాగుల అసలు హక్కుదారు అదే.

ఇక ఎక్కడికి వెళ్లాలంటే, తీర్థన్ లోయ. హిమాచల్‌లో కులూ జిల్లా, బంజార్ దగ్గర. నాగిని, గుషైనీ అనే ఊళ్ల మధ్య నది పక్కనే గెస్ట్‌హౌస్‌లు, హోమ్‌స్టేలు ఉన్నాయి. ఎత్తు సుమారు 1,500 మీటర్లే కాబట్టి బాపుకి ఊపిరి ఇబ్బంది ఉండదు. బీపీ ఉంటే మాత్రం వెళ్లేముందు డాక్టర్‌కు ఒకసారి చూపించండి, ఎందుకంటే అక్కడ ఆయన కూర్చోరు, ఎక్కీ దిగీ నడుస్తారు. నది పైభాగం గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్‌లో ఉంది. 2014లో యునెస్కో జాబితాకెక్కింది, మన రామప్ప కంటే ఏడేళ్ల ముందు. పార్క్ లోపల గాలం వేయకూడదు, కిందే.

కాశ్మీర్‌లో అయితే రెండూ ఒకేచోట దొరుకుతాయి, నిజమే. పహల్గాంలో లిద్దర్ నది ట్రౌట్‌కు పెట్టింది పేరు, గుర్రాలు వందల్లో ఉంటాయి, ఆరూ లోయ దాకా గుర్రం మీద వెళ్లొచ్చు. నేను రెండుసార్లు వెళ్లాను, అందంలో దాన్ని మించింది లేదు. కానీ 2025 ఏప్రిల్ 22న పహల్గాం దగ్గరి బైసరన్‌లో ఉగ్రవాదులు 26 మందిని చంపిన తర్వాత ఏ చోటు తెరిచి ఉంటుంది, ఏది మూసి ఉంటుంది అనేది వెళ్లే ముందు చూసుకోవాల్సిన పని అయింది. పైగా అక్కడ నదిని ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్కకు విడిగా పర్మిట్ ఇస్తారు, ముందే బుక్ చేసుకోవాలి. పెద్దాయనతో, పిల్లాడితో మొదటి ట్రిప్పు కాబట్టి తీర్థనే తేలిక అంటాను.

దారి సులువే. పొద్దున కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున ఢిల్లీ. సాయంత్రం కశ్మీరీ గేట్ బస్టాండ్‌లో మనాలి వోల్వో ఎక్కండి, తెల్లవారేసరికి మండీ దాటి ఔట్ దగ్గరికి వస్తుంది. అక్కడ దిగాలి. కండక్టర్‌కు ఎక్కేటప్పుడే చెప్పండి, మధ్యలో ఇంకోసారి గుర్తు చేయండి. నన్ను ఒకసారి నిద్రలో కులూ దాకా తీసుకుపోయారు. ఔట్ నుంచి బంజార్ వైపు టాక్సీలు, చిన్న బస్సులు ఉంటాయి. మండీ దాటాక మలుపుల్లో కడుపు తిప్పుతుంది. ఆ రాత్రి ఢాబాలో పరాఠాలు తినకుండా పెరుగన్నంతో సరిపెట్టుకోండి.

ఇక అసలు విషయం, నది టైం. దీన్ని పట్టించుకోకుండా వెళ్లినవాళ్లే "అక్కడ చేపల్లేవు" అని తిరిగొస్తారు. మే చివర్లో పైన మంచు కరుగుతూ ఉంటుంది. పగలు ఎండకు కరిగిన నీళ్లు కిందికి చేరేసరికి మధ్యాహ్నం, సాయంత్రం అవుతుంది. అప్పుడు నది ఉబ్బుతుంది, రంగు మారుతుంది, చేపకు మీ ఎర కనబడదు. రాత్రి చలికి పైన కరగడం తగ్గుతుంది, తెల్లవారేసరికి నది చిక్కి తేటపడుతుంది. అంటే ఆ నెలలో మీ చేపల వేట పొద్దున ఐదున్నర నుంచి తొమ్మిదిన్నర, మహా అయితే పది దాకా. ఆ తర్వాత గాలం కర్ర గోడకు ఆనించి, టిఫిన్ చేసి, పడుకోండి.

ఇది నాకు ఎవరూ పుస్తకంలో రాసి చెప్పలేదు. నాగిని దగ్గర ఒక ముసలాయన గేదెంత బండ ఒకటి చూపించి "దాన్ని చూడు" అన్నాడు. నాకేం కనబడలేదు. దగ్గరికి వెళ్లి వేలితో గీశాడు. బండ మీద నీటి మట్టానికి జానెడు పైన తడి గీత ఉంది, దాని మీద ఇసుక రేణువులు ఇంకా మెరుస్తున్నాయి. తడి గీత నీళ్లకంటే పైన ఉంటే నది తగ్గుతోందని, గాలం వేయొచ్చని అర్థం. పొడి బండ మీదికి నీళ్లు ఎక్కుతుంటే సర్దుకుని బయటికి రావాలి. అప్పటి నుంచి నేను ఏ నదికి వెళ్లినా మొదట బండనే చూస్తాను.

బయటికి రావాలి అన్న మాట ఊరికే అనలేదు. 2014 జూన్ 8 మన వాళ్లెవరూ మర్చిపోరు. హైదరాబాద్ నుంచి వెళ్లిన 24 మంది ఇంజినీరింగ్ పిల్లలు థలౌట్ దగ్గర బియాస్ నదిలో బండల మీద ఫొటోలు దిగుతుంటే, పైన లార్జీ డ్యాం గేట్లు ఎత్తారు. నిమిషాల్లో కొట్టుకుపోయారు. మీరు ఔట్‌కు వెళ్లే దారి ఆ చోటు పక్కనుంచే. తీర్థన్ ఆ డ్యాంకు ఎగువన బియాస్‌లో కలుస్తుంది కాబట్టి ఆ గేట్ల భయం తీర్థన్‌లో లేదు. కానీ డ్యాం కింద ఉన్న ఏ నదిలోనూ, ఎంత నిశ్శబ్దంగా ఉన్నా సరే, బండల మీదికి దిగకండి. మంచు నీళ్లు గంటల్లో పెరుగుతాయి, డ్యాం నీళ్లు నిమిషాల్లో పెరుగుతాయి. తీర్థన్‌లో కూడా మోకాలు దాటి దిగొద్దు. అబ్బాయికి ఈత వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. ఆ చలికి కాళ్లు కొయ్యబారిపోతాయి, ఈత కొట్టే వేళ ఉండదు. పైన ఉరుము వినిపిస్తే, మన నెత్తిన చినుకు లేకపోయినా గట్టెక్కాలి. జులై, ఆగస్టుల్లో అసలే వద్దు. 2023 జులైలో ఆ జిల్లాలో రోడ్లు, వంతెనలు కొట్టుకుపోయాయి.

సామాను గురించి అడిగారు. ఇక్కడే అందరూ డబ్బు తగలేస్తారు. ఫ్లై ఫిషింగ్ అని ఒక పద్ధతి ఉంది, ఈకలతో కట్టిన పురుగు బొమ్మను నీటి మీద తేల్చి పట్టడం. చూడ్డానికి బాగుంటుంది, చేయి తిరగడానికి ఒక ఎండాకాలం పడుతుంది. ఐదు రోజుల ట్రిప్పుకు వద్దు. ఆరున్నర, ఏడు అడుగుల తేలికపాటి స్పిన్నింగ్ రాడ్, దారం చుట్టుకునే చిన్న రీల్, నాలుగు నుంచి ఎనిమిది పౌండ్ల లాగుడు తట్టుకునే లైన్ (దారం), తిరిగే రేకు ఉండే చిన్న స్పిన్నర్లు ఒక ఎనిమిది. ఎనిమిది ఎందుకంటే నాలుగు బండల్లో ఇరుక్కుని పోతాయి. రెండు మూడు ముక్కలుగా విడిపోయే రాడ్ అయితే రైల్లో తేలిక, పీవీసీ పైపులో పెట్టి బెర్త్ కింద తోసేయండి. ఒక పట్టుకారు తీసుకోండి. గాలం ముల్లుకు ఉండే వెనక కొక్కెం ఉంది చూశారా, దాన్ని పట్టుకారుతో నొక్కేయండి. చేప నోట్లోంచి తీయడం తేలిక, మీ వేల్లోంచి తీయడమూ తేలిక. మా అల్లుడికి చెవికి గుచ్చుకున్న రోజు ఆ విలువ తెలిసింది. కళ్లద్దాలు, టోపీ లేకుండా ఎవరూ రాడ్ విసరకూడదు. నీటి మెరుపు తగ్గించే పోలరైజ్డ్ అద్దాలైతే లోపలి బండలూ కనబడతాయి.

కాళ్లకు చెప్పులు, క్రాక్స్ పనికిరావు. నాచు పట్టిన గుండ్రాళ్లు సబ్బు ముక్కల్లా ఉంటాయి. నేను తీర్థన్‌కు వెళ్లిన మొదటి ఏడాది రబ్బరు చెప్పులతో దిగి బొటనవేలి గోరు పోగొట్టుకున్నాను, మిగతా నాలుగు రోజులు గట్టు మీద కూర్చుని మిగతావాళ్లను చూశాను. పాత కాన్వాస్ బూట్లు, ఊలు సాక్సులు, చేతిలో ఒక వెదురు కర్ర. అంతే.

ఇప్పటి నుంచి వెళ్లేదాకా ఉన్న రోజుల్లో ఇంటి దగ్గరే చేయి సాధన చేయండి. పొద్దున్నే సుబేదారిలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ ఖాళీగా ఉంటుంది. లైన్ చివర ముల్లు లేకుండా ఒక సీసపు గుండు కట్టి, పదిహేను అడుగుల దూరంలో ప్లాస్టిక్ టబ్ పెట్టి అందులో పడేలా విసరండి. పదికి ఆరు పడితే దూరం పెంచండి. వాకింగ్‌కు వచ్చినవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. చెరువులో చేద్దామనుకుంటే అక్కడి మత్స్య సహకార సంఘం వాళ్లను అడగండి, చేపల హక్కు వాళ్లది.

పర్మిట్ సంగతి. హిమాచల్ మత్స్యశాఖ రోజువారీ లైసెన్సు ఇస్తుంది, ఫీజు పెద్ద భారమేం కాదు, మీ గెస్ట్‌హౌస్ వాళ్లే తెచ్చిపెడతారు. కానీ మీరు చేతిలోకి తీసుకుని చదవండి. ఎంత పొడవు లోపు చేపను వదిలేయాలి, రోజుకు ఎన్ని, ఏ ఎర వాడొచ్చు అన్నీ ఉంటాయి. ఒకాయన మాకు "ఇక్కడ ఎవరూ అడగరు సార్" అని పర్మిట్ లేకుండానే నదికి తీసుకెళ్లాడు. అడిగారు. జరిమానా మేం కట్టాం, ఆయన మాయమయ్యాడు. బాపు ఎర్రలు తవ్వి డబ్బాలో పట్టుకొస్తానంటే వద్దనండి, ఆ నదుల్లో స్పిన్నర్, ఫ్లై వరకే. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వేట పూర్తిగా బంద్, అది గుడ్లు పెట్టే కాలం.

బాపుకి కష్టమనిపించేది ఇది కాదు, కూర్చోకపోవడం. మన దగ్గర బెండు తేలేసి, బీడీ ముట్టించి, అది మునిగేదాకా చూస్తాం. చేప మన దగ్గరికి వస్తుంది. అక్కడ మనం చేప ఇంటికి వెళ్లాలి. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి, బండ వెనక నీళ్లు నెమ్మదించే చోట నిలబడి, పైనుంచి కొట్టుకొచ్చే పురుగుల కోసం చూస్తుంటుంది. దాని కళ్లు ముందుకూ పైకీ చూస్తాయి, వెనక ఏం జరుగుతుందో సరిగా కనబడదు. అందుకని మీరు కింది నుంచి పైకి, దాని తోక వైపు నుంచి వెళ్లాలి. వంగి నడవాలి, రాళ్లు కదిలించకూడదు, నీడ నీళ్ల మీద పడకూడదు. ఒక బండ దగ్గర నాలుగైదు సార్లు విసిరి, రాకపోతే తర్వాతి బండ. రెండు గంటల్లో ఒక కిలోమీటరు పైకి ఎక్కేస్తారు.

నా మొదటి ట్రౌట్ ఎలా దొరికిందో చెప్తాను. నాలుగో రోజు పొద్దున, ఆ గేదె బండ దగ్గరే. స్పిన్నర్‌ను బండకు పైన, అవతలి వైపు పడేలా విసిరి, ప్రవాహం కంటే కాస్త వేగంగా లాగుతూ వస్తున్నాను. నెమ్మదిగా లాగితే రేకు తిరగదు, రాళ్లలో పడుతుంది. బండ అంచు దాటగానే రాడ్ మీద ఎవరో పిడికిలితో గుద్దినట్టయింది. బెండు మునగడం లాంటిది కాదు, ముందస్తు సమాచారం ఏమీ లేదు. వెంటనే నీళ్లలోంచి ఒకసారి పైకెగిరింది, ఒంటి మీద ఎండ పడి బంగారు రేకులా మెరిసింది. దగ్గరికి లాగాక చేతులు తడి చేసుకుని పట్టుకున్నాను. పొడి చేతులతో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోయి తర్వాత రోగమొచ్చి చస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా చల్లగా ఉంది. జానెడు మీద నాలుగు వేళ్లు, అంతే. పర్మిట్ లెక్కకు చిన్నది. తల ఎగువకు పెట్టి నీళ్లలో రెండు చేతుల మధ్య ఉంచాను, మొప్పలు నాలుగైదు సార్లు ఆడాయి, ఒక్క తోక దెబ్బ కొట్టి వెళ్లిపోయింది. నా చొక్కా తడిసింది. ఆ ఐదు రోజుల్లో నాకు పడ్డవి రెండే. మీకూ అంతకంటే ఎక్కువ పడతాయని ఆశపెట్టను.

తినాలనుకుంటే నదినే నమ్ముకోకండి. బంజార్ దగ్గర హమ్నిలో ప్రభుత్వ ట్రౌట్ ఫారం ఉంది, ప్రైవేటు ఫారాలూ ఉన్నాయి. కడుపు శుభ్రం చేసి, ఉప్పు, కాస్త కారం, నిమ్మరసం పట్టించి, ఆవనూనెలో వేయిస్తే చాలు. మా ఆవిడ మొదటిసారి ఇంటి నుంచి తెచ్చిన చింతపండుతో పులుసు పెట్టింది. చేప విడిపోయి పులుసులో కలిసిపోయింది, రుచి అంతా చింతపండుదే. పులుసుకు మన కొర్రమీనే. సకినాలు, మామిడికాయ తొక్కు మాత్రం సంచిలో వేసుకోండి, ఐదో రోజుకు రాజ్మా మీద విరక్తి పుడుతుంది.

గుర్రాల కోసం తీర్థన్ నుంచి మనాలి వైపు వెళ్లండి. ఔట్ నుంచి కులూ మీదుగా మనాలి సుమారు డెబ్భై కిలోమీటర్లు. దారిలో పట్లీకుహల్‌లో ప్రభుత్వ ట్రౌట్ ఫారం ఉంది, పిల్లాడికి గుడ్డు దశ నుంచి చేప దాకా చూపించొచ్చు. మనాలిలో, సోలంగ్ లోయలో గుర్రాలు దొరుకుతాయి. పొద్దున ఏడు, ఎనిమిదికల్లా వెళ్లండి. పదకొండు దాటితే జనం, పైగా అప్పటికే ఆ గుర్రం నలుగురైదుగురిని మోసి అలిసిపోయి ఉంటుంది. అక్కడా ఇక్కడా రేటు బోర్డులుంటాయి, అయినా ఎక్కడి దాకా, ఎంతసేపు, తిరుగు ప్రయాణం కూడా కలిపేనా అని ఎక్కకముందే మాట్లాడుకోండి. గుర్రం మీద కూర్చున్నాక బేరం ఆడలేం.

బేరం కంటే ముందు గుర్రాన్ని చూడాలి. జీను కింది దుప్పటి కాస్త ఎత్తి వీపు చూపించమనండి. పుండ్లు ఉంటే వద్దు. నాలుగడుగులు నడిపించమనండి, కుంటుతుంటే వద్దు. ఇది జాలి కోసమే చెప్పడం లేదు, నొప్పితో ఉన్న గుర్రం ఎప్పుడు విసురుతుందో చెప్పలేం. బరువు సంగతీ ఉంది. జీనుతో కలిపి తన బరువులో ఐదో వంతు దాకా గుర్రం మోయగలదని స్వారీ తెలిసినవాళ్ల లెక్క. కొండ గుర్రాలు పొట్టివి, మన ఛాతీ దాకా వస్తాయి, మూడు వందల కిలోలు ఉంటే ఎక్కువ. అంటే అరవై కిలోలు. నేను ఎనభై నాలుగు. అందుకే నేను ఎక్కను, పగ్గం పట్టుకుని పక్కన నడుస్తాను. ఘోడేవాలా నవ్వి "బైఠో అంకుల్, కుఛ్ నహీ హోతా" అంటాడు. ఏమీ కానిది ఆయనకు. మీ అబ్బాయి నిశ్చింతగా ఎక్కొచ్చు.

మా బావమరిది కథ ఒకటి ఉంది. 2013లో అనుకుంటా, మనాలి పైన. జీను పొట్ట పట్టీ బిగించేటప్పుడు కొన్ని గుర్రాలు గాలి పీల్చి పొట్ట ఉబ్బిస్తాయి. బిగించినట్టే ఉంటుంది. పది నిమిషాలు నడిచాక ఊపిరి వదులుతుంది, పట్టీ వదులవుతుంది. మావాడు పూలరంగడిలా కూర్చుని సెల్ఫీ కోసం ఒక పక్కకు వంగాడు. జీను మెల్లగా, ఏ తొందరా లేకుండా, గడియారం ముల్లులా పక్కకు తిరిగింది. దానితోపాటే ఆయనా తిరిగి గుర్రం పొట్ట దగ్గర తల కిందికి వేలాడాడు. గుర్రం మంచిది, కదలకుండా నిలబడి గడ్డి తింటోంది. మోచేయి గీసుకుపోవడంతో సరిపోయింది. అందుకని ఎక్కిన పది నిమిషాలకు ఒకసారి దిగి, లేదా ఘోడేవాలాతో చెప్పి, పట్టీ మళ్లీ బిగించుకోవాలి. ఇది ఎవరూ వాళ్లంతట వాళ్లు చేయరు, మీరే అడగాలి.

అబ్బాయికి ఇవి నేర్పండి. ఎడమ పక్క నుంచి ఎక్కాలి. వెనక వైపు నుంచి ఎప్పుడూ రాకూడదు. రికాబులో, అంటే జీనుకు వేలాడే కాలు పెట్టే కడియంలో, పాదం ముందు భాగమే ఉండాలి, మడమ కిందికి నొక్కి ఉంచాలి. పాదం మొత్తం దూర్చేస్తే పడ్డప్పుడు ఇరుక్కుని గుర్రం ఈడ్చుకుపోతుంది, స్వారీలో అసలు ప్రమాదం అదే. గుర్రం కొండ ఎక్కేటప్పుడు ముందుకు వంగాలి, కొండ దిగేటప్పుడు వెనక్కి వాలాలి. భయమేస్తే పగ్గాలు లాగకుండా జూలు పట్టుకోవాలి. సైకిల్ హెల్మెట్ ఇంటి నుంచే తీసుకెళ్లండి, అక్కడ ఇస్తారనుకోవద్దు. ఇంకో మాట, జేబులో చిప్స్ ప్యాకెట్ వద్దు. ఆ కరకర శబ్దానికి, గాలికి రెపరెపలాడే రెయిన్‌కోటుకు గుర్రాలు బెదురుతాయి.

కొండ దారిలో ఒక విచిత్రం చూసి మీ ఆవిడ కంగారుపడతారు. గుర్రం కొండ వైపు నడవదు, లోయ అంచునే నడుస్తుంది. అటూ ఇటూ మూటలు మోసిన అలవాటు దానిది, లోపలికి నడిస్తే మూట కొండకు తగులుతుంది. పగ్గం పట్టి లోపలికి గుంజితే దాని అడుగు తప్పుతుంది. పగ్గం వదులుగా పట్టుకుని ఊరుకోండి, దారి దానికి తెలుసు. మీరు నడుస్తున్నప్పుడు ఎదురుగా కంచర గాడిదల వరుస వస్తే మాత్రం కొండ వైపు నిలబడాలి, లోయ వైపు నిలబడితే ఒక మూట తగిలినా చాలు.

ఒక రోజు ఏమీ పెట్టుకోకండి. వాన పడొచ్చు, బాపుకి మోకాళ్లు పట్టేయొచ్చు, నది మురికిగా ఉండొచ్చు. తీర్థన్‌లో ఉన్నప్పుడు ఖాళీ రోజు వస్తే జలోరి కనుమ దాకా టాక్సీలో వెళ్లి రండి, 3,100 మీటర్ల పైన ఉంటుంది, స్వెటర్లు వేసుకోండి. రోహ్‌తాంగ్ ఈసారికి వదిలేయండి.

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, మే నెల ఢిల్లీ బండ్లు మొదటి గంటలోనే వెయిటింగ్‌లోకి వెళ్తాయి. పెద్దాయనకు కింది బెర్త్ కోసం సీనియర్ సిటిజన్ కోటా పెట్టండి. తిరుగు టికెట్ కూడా అదే వారంలో చేసేయండి. రాడ్ కొనేముందు బాపు ఏ చేత్తో విసురుతారో, అబ్బాయి ఎత్తెంతో రాయండి. నా దగ్గర ఖాళీగా ఉన్న రెండు రాడ్‌లలో ఏది సరిపోతుందో చూసి చెప్తాను. కాజీపేటకు వచ్చి తీసుకెళ్లొచ్చు, వచ్చాక తిరిగిస్తే చాలు.